బెల్టు చూసి నెత్తురు తీసే పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు బడి మైదానంలో తెలిసింది. మొన్న మంగళవారం పొద్దున పిల్లలను రెండు జట్లు చేసి కబడ్డీ ఆడిస్తున్నాను. నా భార్య ఫోన్ చేసింది. "పెద్దమ్మ లేదట. తెల్లారుగట్ల నిద్రలనే పోయిందట. పెద్దబాపు ఫోన్ చేసి ఒక్క ముక్క చెప్పి పెట్టేసిండు," అంది. నేను విజిల్ ఊదాను. ఎందుకు ఊదానో ఇప్పటికీ చెప్పలేను. కూత పెడుతూ అవతలికి వెళ్ళిన అమ్మాయి అక్కడే ఆగిపోయి నా వైపు చూసింది. ఈ రోజుకు ఆట లేదని చెప్పి పిల్లలను లోపలికి పంపించాను.

ఆమెకూ నాకూ చుట్టరికం ఏమీ లేదు. ఆమె నా నెత్తురు తీసిన మనిషి. కేతేపల్లిలో హైవే పక్కన, బస్సులు ఆగే చోట ఆమెకు ఒక చిన్న రక్తపరీక్షల గది ఉండేది. సర్కారు దవాఖానలో ల్యాబు టెక్నీషియన్‌గా తల పండేదాకా పనిచేసి, రిటైరయ్యాక పెట్టుకున్న గది అది. లోపల ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక మిషను, ఒక ఫ్రిజ్. గుమ్మం దగ్గర ఆమె భర్త కూర్చుని వచ్చినవాళ్ళ పేర్లు రాసేవాడు. చుట్టూ పదూళ్ళ జనం ఆమెను పెద్దమ్మ అనీ ఆయనను పెద్దబాపు అనీ పిలిచేవారు. నేనూ అలాగే పిలిచాను.

ఏడుపు రాతలు రాయటం నాకు చేతకాదు. నేను పీఈటీ సారును. గెలిచినా ఓడినా కేకలు వేసే జాతి మాది. పైగా పెద్దమ్మను తలచుకుంటే నాకు ఏడుపు కంటే ముందు హుషారు వస్తుంది. ఆమె గదిలో నేను గడిపిన ఆ నెలన్నర నా జీవితంలో ఏ పోటీకీ తీసిపోదు. అది చెప్పాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నాకు ముప్పై ఏడేళ్ళప్పుడు షుగరు వచ్చింది. రోజూ ఆరు కిలోమీటర్లు పరుగెత్తేవాడిని, పొట్ట అన్నది ఎరుగనివాడిని. బీడీ, సిగరెట్, మందు ఏదీ లేదు. నల్లగొండలో డాక్టరు గారు చూసి, పెద్దవాళ్ళకు వచ్చే రెండో రకం షుగరు అని చెప్పి మాత్ర రాశారు. ఆరు నెలలకు రెండు మాత్రలయ్యాయి. ఏడాదికి మూడయ్యాయి. షుగరు మాత్రం దిగలేదు. నేను మాత్రం దిగిపోతూ వచ్చాను.

మా స్టాఫ్ రూములో నేనొక వినోదమైపోయాను. లెక్కల సారు, "పిల్లలకు వ్యాయామం చెప్పేటోనికే షుగరు వస్తే ఇగ మా గతేంది?" అని రోజుకొకసారైనా అనేవాడు. అన్నం మానేశాను. రెండు జొన్నరొట్టెలు, ఆకుకూర, మజ్జిగ. ఆరు కిలోమీటర్లను పదికి పెంచాను. ఆటగాడికి తెలిసిన వైద్యం అదొక్కటే కదా, ఓడిపోతుంటే ఇంకా గట్టిగా ఆడటం. ఎంత ఆడినా ఓడిపోతూనే ఉన్నాను.

ఇంట్లో పరిస్థితి ఇంకా అన్యాయం. మా దగ్గర ఎవరికైనా షుగరు దిగకపోతే జనం చెప్పే మాట ఒక్కటే, పథ్యం తప్పిండని. నా భార్య మంచిది, కానీ అనుమానం పట్టుకుంది. ఒకరోజు నా ప్యాంటు ఉతుకుతుంటే జేబులో చాక్లెట్ కాగితం దొరికింది. ఎవరో పిల్లవాడు పుట్టినరోజని ఇస్తే, చాక్లెట్ ఇంకొకరికి ఇచ్చి కాగితం జేబులో వేసుకున్నాను. ఆ కాగితాన్ని ఆమె బల్ల మీద పరిచి, దొంగసొత్తు దొరికిన పోలీసులాగా నిలబడింది.

"నీ పాణం కోసం నేను చక్కెర డబ్బ బీరువల పెట్టి తాళమేస్తున్న. నువ్వు బయట గిట్ల తింటున్నవా?" అంది.

ఎంత చెప్పినా నమ్మలేదు. ఆ రాత్రి నాకే నా మీద అనుమానం వచ్చింది. నిజంగానే నేనేదో తప్పు చేస్తున్నానేమో, నాకు తెలియకుండానే ఎక్కడో ఒళ్ళు వంచటం లేదేమో అనిపించింది. అంత సిగ్గు నేనెన్నడూ పడలేదు.

అప్పుడు నేనొక వెధవ పని చేశాను. తర్వాతి రక్తపరీక్షకు రెండు రోజుల ముందు నుంచి దాదాపు తిండి మానేసి, ఆ పొద్దున పన్నెండు కిలోమీటర్లు పరుగెత్తి, అంకె బాగా రావాలని కేతేపల్లికి వెళ్ళాను. నల్లగొండ దాకా పోవటం దండగ, దగ్గర్లో ఎవరో పెద్దమ్మ తీస్తుందట అని విని వెళ్ళాను. అదే ఆమెను మొదటిసారి చూడటం. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. సూది తీయలేదు, చేయి పట్టలేదు. నా నడుము వైపు చూసింది.

"ఏం సారూ, బెల్టుకు గన్ని తూట్లేంది?" అని అడిగింది.

నా ప్యాంటు జారుతుంటే ఇంట్లో మేకు పెట్టి సుత్తితో కొట్టి నేనే బెజ్జాలు వేసుకున్నాను. ఆమె వంగి వేలు పెట్టి లెక్కపెట్టింది. కంపెనీవాడు వేసినవి ఐదు, నేను వేసినవి నాలుగు.

"గీ నాలుగు ఎన్నాళ్ళల్ల పడ్డయి?"

"ఏడాదిన్నర అయితుండొచ్చు," అన్నాను.

ఆమె పద్ధతి అదని తర్వాత తెలిసింది. మగవాళ్ళకు బెల్టు చూస్తుంది, పంచెలు కట్టేవాళ్ళకు మొలతాడు ఎంత వదులైందో అడుగుతుంది. ఆడవాళ్ళయితే గాజులు. చేతిని పైకెత్తించి గాజులు ఎక్కడిదాకా జారుతాయో చూసి, "గివి ఎప్పుడు ఏయించుకున్నవు బిడ్డా?" అంటుంది. సబ్బు రాసి ఎక్కించుకున్న గాజులు మోచేయి దాకా పోతున్నాయంటే ఆమె కళ్ళద్దాలు సర్దుకునేది. "మిషిను అంకె చెప్తది. మనిషిని మనమే చూడాలె," అనేది.

ఆ రోజు నా నెత్తురు తీసి, మధ్యాహ్నం రమ్మంది. వెళ్ళాను. పొద్దుటి షుగరు అంకె చూసి నేను ఉబ్బిపోయాను, అంత తక్కువ ఎన్నడూ రాలేదు. ఆమె రెండో అంకె మీద వేలు పెట్టింది. అది మూడు నెలల సగటు చెప్పే పరీక్ష. కొండెక్కి కూర్చుంది.

"సారూ, నువ్వు రెండు దినాల సంది తింటలేవు. అవునా?"

నేను జారుతున్న బెల్టును పైకి లాక్కున్నాను.

"పిల్లల కాపీ పట్టే సారువు. నువ్వే కాపీ కొడ్తున్నవా? నెత్తురు మూన్నెల్ల ముచ్చట యాదికి పెట్టుకుంటది. దాన్ని రెండు దినాల్ల మోసం చెయ్యలేవు."

గుమ్మం దగ్గర పెద్దబాపు ముసిముసిగా నవ్వాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. చాక్లెట్ కాగితం సంగతితో సహా మొత్తం కక్కేశాను. పది కిలోమీటర్లు, జొన్నరొట్టెలు, మూడు మాత్రలు, లెక్కల సారు. ఆమె అడ్డు రాలేదు. అంతా విని, ఇంకేదో దారిలో ఒక ప్రశ్న వేసింది.

"మీ ఇంట్ల ఎవలకన్న థైరాయిడ్ ఉన్నదా? బొల్లి మచ్చలు గిట్ల?"

మా అమ్మకు థైరాయిడ్ ఉంది. మేనమామకు చేతుల మీద బొల్లి. ఆ మాట చెప్పగానే ఆమె ముఖంలోకి వచ్చిన వెలుగు నేను మరిచిపోలేను. ఒక పోటీలో అవతలి జట్టు ఎత్తుగడ దొరికినప్పుడు నా ముఖం అలాగే ఉంటుందని మా పిల్లలు చెప్తారు.

"నువ్వు ఏ తప్పు చెయ్యలేదేమో సారూ," అంది. "నీది రెండో రకం కాదేమో."

తర్వాత ఆమె చెప్పింది నా మాటల్లో చెప్తాను. ఒంట్లో రోగాలతో కొట్లాడే కావలివాళ్ళు ఉంటారు. కొందరిలో ఆ కావలి దారి తప్పి, ఇన్సులిన్ తయారుచేసే క్లోమాన్నే పరాయిది అనుకుని కొడుతుంది. చిన్నపిల్లల్లో అయితే ఇది దబదబా అయిపోతుంది. పెద్దవాళ్ళలో కొందరికి మెల్లగా, ఏళ్ళ తరబడి నడుస్తుంది. చూడటానికి అచ్చం రెండో రకంలాగానే ఉంటుంది, మాత్రలు కొన్నాళ్ళు పనిచేసినట్టే ఉంటాయి. కానీ లోపల దాడి జరుగుతున్నదనటానికి నెత్తురులో గుర్తులు దొరుకుతాయి. వాటిని పట్టే పరీక్ష ఒకటుంది, గ్యాడ్ యాంటీబాడీ అంటారు. సొంత ఇన్సులిన్ ఎంత మిగిలిందో చెప్పే పరీక్ష ఇంకొకటి ఉంది. మా భాషలో అయితే మన డిఫెండర్లు మన రైడర్ కాలే పట్టి పడేస్తున్నారన్నమాట. అలాంటప్పుడు రైడర్‌ను ఇంకా గట్టిగా ఉరకమని తిట్టి ఏం లాభం?

"నేను డాక్టరును కాను," అంది పెద్దమ్మ. "సన్నగున్నోళ్ళందరికీ గిదే ఉంటదని కాదు. కానొస్తే పట్టుకోవాలె, లేకపోతే లేదని తెల్వాలె. డాక్టరు సాబుకు ఒక చీటి రాసిస్త. మాత్రలు మాత్రం బంద్ పెట్టకు, గాయన చెప్పేదాక."

చీటీలో ఆమె పెద్దగా ఏమీ రాయలేదు. సన్నటి మనిషి, ఏడాదిన్నరలో ఇంత బరువు తగ్గాడు, తల్లికి థైరాయిడ్, మూడు మాత్రలు వాడినా సగటు దిగలేదు, యాంటీబాడీ పరీక్ష చూడవచ్చునా అని గుండ్రటి అక్షరాల్లో ఒక ప్రశ్న. నల్లగొండ డాక్టరు గారి గది బయట ఎప్పుడూ జాతరే. చీటీ చూసి విసుక్కుంటారనుకున్నాను. ఆయన రెండుసార్లు చదివారు. నన్ను లేచి నిలబడమని, పైనుంచి కిందికి చూశారు.

"నాకు తట్టాల్సింది," అన్నారు. వెంటనే పరీక్ష రాసిచ్చారు.

ఇక అసలు ఆట మొదలైంది. ఆ పరీక్ష మా దగ్గర కాదు, హైదరాబాదులో పెద్ద ల్యాబులో. నెత్తురులోంచి పైన తేటను వేరుచేసి, చల్లదనం పోకుండా పంపాలి. పెద్దమ్మ థర్మాకోల్ డబ్బా తెచ్చింది. ఫ్రిజ్‌లో ఐసు సరిపోక, మూసీ ప్రాజెక్టు చేపలు అమ్మే ఆమె దగ్గర ఐసు అడుక్కుని సంచీలో కట్టి పెట్టింది. డబ్బాను బస్సు పార్సిల్‌లో వేశాం. నేను బస్సు కనుమరుగయ్యేదాకా రోడ్డు మీదే నిలబడ్డాను. ఇంటికి వెళ్ళి నా భార్యకు చెప్తే, "నీకు పరీక్ష రాసిన పిల్లగాని లెక్క అయితాంది," అంది. నిజమే, అలాగే ఉంది.

మూడో రోజు ఫోన్ వచ్చింది. డబ్బా చేరింది కానీ పనికిరాదట. మేం పంపింది శనివారం. ఆదివారం డబ్బాను తీసుకునేవాళ్ళు లేక పార్సిల్ ఆఫీసులోనే పడి ఉంది. సోమవారం తెరిచేసరికి ఐసంతా గోరువెచ్చటి నీళ్ళు. పెద్దమ్మ తల పట్టుకుని కూర్చుంది.

"గిన్నేండ్ల సర్వీసు. శనివారం పంపిన చూడు. కొత్తగ చేరిన పోరి కూడ పంపది," అంది. పెద్దబాపు ఏదో సర్ది చెప్పబోతే, "నువ్వు ఊకో. తప్పు నాదే," అని కసిరింది. నేను చూసిన పెద్దవాళ్ళలో ఇంత తేలికగా తప్పు ఒప్పుకున్న మనిషి ఇంకొకరు లేరు.

మర్నాడే మళ్ళీ నెత్తురు తీసింది. ఈసారి పార్సిల్ లేదు. డబ్బాను కొంగుతో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తానే బస్సెక్కింది, నేను పక్కన. ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ అయిన కొత్తలు. బస్సులో కాలు పెట్టే సందు లేదు. కండక్టరు ఆమె ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ కొట్టి, డబ్బా వైపు చూశాడు.

"ఏముందమ్మా గండ్ల? చేపలా?"

"నెత్తురు," అంది పెద్దమ్మ.

రెండు వరుసలు ఖాళీ అయ్యాయి. మాకు కాళ్ళు చాపుకునే జాగా దొరికింది. చౌటుప్పల్ దాటేదాకా ఆమె ఆ సంగతికి నవ్వుతూనే ఉంది. తర్వాత నవ్వు ఆపి, కిటికీలోంచి చూస్తూ చెప్పింది. సర్కారు దవాఖానలో చేసే రోజుల్లో ఒక కూలి మనిషి వచ్చేదట, ఇద్దరు పిల్లల తల్లి. నెలనెలా షుగరు అంకె పెరిగేది. పథ్యం చెయ్యటం లేదని అందరూ తిట్టేవారు. ఈమె అంకె రాసి చీటీ ఇచ్చేది. ఆమె చేతుల గాజులు మోచేయి దాటి పోతున్నాయని కంటికి కనిపిస్తూనే ఉంది, కానీ దానికి అర్థం తెలియదు. ఒక నెల ఆమె రాలేదు. మరుసటి నెల కూడా రాలేదు.

"గామె పేరు రాసిన చేయి గిదే. నేను అంకెలే రాసిన, మనిషిని చూడలే," అంది పెద్దమ్మ. "తర్వాత ఏండ్లకు ఒక డాక్టరమ్మ మాకు ట్రైనింగుల గీ బీమారి సంగతి చెప్పింది. గా దినం నాకు బువ్వ పోలేదు."

ఐసు కరుగుతుందేమోనని ఆమె డబ్బా మీద రెండు చేతులూ పెట్టి కూర్చుంది.

ఆ తర్వాత వారం రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. ఒక పక్క ఆత్రం, ఇంకో పక్క భయం. భయం ఎందుకంటే, గుర్తులు దొరికితే ఇన్సులిన్ సూది తప్పదు. మా ఇంట్లో సూది అంటే ఆఖరి మెట్టు. మా బాపుకు షుగరు. ఏళ్ళ తరబడి మాత్రల మీదే గడిపాడు. కాలికి పుండు పడి ముదిరాక ఇన్సులిన్ పెట్టారు. పెట్టిన నెలకు కాలు తీసేశారు, ఆ ఏడే పోయాడు. ఇన్సులిన్ పెట్టేదాకా మంచిగనే ఉన్నడని మా ఇంట్లో అందరి నమ్మకం. నాకు చదువొచ్చు, పాఠాలు చెప్తాను, అయినా నా లోపలి నమ్మకం కూడా అదే. గుర్తులు దొరకాలని పొద్దున కోరుకునేవాడిని, దొరకొద్దని సాయంత్రం మొక్కుకునేవాడిని.

గురువారం మధ్యాహ్నం ఆటల పీరియడ్‌లో ఫోన్ వచ్చింది. "వచ్చింది కొడుకా. ఫోన్ల చెప్ప. రా," అంది. హెడ్మాస్టరును అడిగి బండి మీద వెళ్ళాను. ఆమె నన్ను కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, నేను తాగేదాకా ఆగి కాగితం నా ముందు పెట్టింది. యాంటీబాడీ పాజిటివ్. మామూలుగా ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు.

పాజిటివ్ అంటే జనం మూతి కట్టుకుని పారిపోయిన కరోనా కాలం ఇంకా మనసులోంచి పోలేదు. ఆ మాట చూసి కుర్చీలోంచి ఎగిరిన మనిషి నల్లగొండ జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. మెడలో వేలాడుతున్న విజిల్ తీసి ఊదేశాను. బస్సు కోసం నిలబడ్డ జనం తిరిగి చూశారు. నేను పథ్యం తప్పలేదు, నేను బద్ధకించలేదు. నా ఒళ్ళు నాతో కొట్లాడుతుంటే, చేతిలో ఏ ఆయుధమూ లేకుండా ఏడాదిన్నర నిలబడ్డాను. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, నోరు నవ్వుతోంది. పెద్దబాపు గుమ్మం దగ్గర కలం పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు.

పెద్దమ్మ నన్ను చల్లబడనిచ్చింది. "రెండో కాయితం చూడు. నీ సొంత ఇన్సులిన్ తక్కువైంది గని అయిపోలే. జర మిగిలింది. మిగిలినప్పుడే దానికి ఆసర ఇయ్యాలె," అంది.

"అంటే సూది," అన్నాను.

"సూదే."

బాపు సంగతి చెప్పాను. ఎవరికీ చెప్పుకోని భయం, ఆమె ముందు చెప్పటానికి సిగ్గనిపించలేదు. ఆమె నా చేయి పట్టుకుంది.

"సూది మీ బాపు కాలు తియ్యలే కొడుకా. సూది ఆలిశంగ వచ్చింది. నీకు యాల్లకు వస్తాంది."

ఈ ఒక్క మాటకు నేను ఎంత రుణపడి ఉన్నానో ఎలా రాయాలో తెలియటం లేదు. మా బాపు పోయినప్పటి నుంచి మా ఇంట్లో తప్పుగా పాతుకుపోయిన ఒక మాటను ఆమె అలా పీకి పక్కన పెట్టేసింది.

డాక్టరు గారు మందు మార్చి ఇన్సులిన్ రాశారు. మొదటి సూది పెద్దమ్మ గదిలోనే, నా భార్యను కూడా రమ్మంది. నా భార్య కళ్ళు మూసుకుంది. పెద్దమ్మ నా పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టించి, "ఊపిరి ఇడువు. ఇడిచేటప్పుడు గుచ్చుకో," అంది. చీమ కుట్టినంత కూడా లేదు. నేను అయిపోయిందన్నాక నా భార్య కళ్ళు తెరిచి, పెద్దమ్మను చూసి ఏడ్చింది.

"చాక్లెట్ కాయితానికి వారం దినాలు మాట్లాడలే పెద్దమ్మా ఈయనతోని," అంది.

"ఇగ నువ్వే జేబుల బెల్లం పెట్టి పంపాలె బిడ్డా," అంది పెద్దమ్మ. "సూది మందోళ్ళకు ఒక్కోసారి షుగరు పడిపోతది. పానం అల్లాడితే బెల్లం నోట్లె ఏసుకోవాలె."

జేబులు వెతికే మనిషి మర్నాటి నుంచి జేబులో బెల్లం ముక్క పొట్లం కట్టి పెట్టసాగింది. మా కాపురంలో ఇంత పెద్ద మార్పు ఏ పంచాయితీ వల్లా వచ్చేది కాదు. మూడు నెలల్లో నేను మనిషినయ్యాను. అన్నం తిన్నాను. లెక్కల సారుకు గ్యాడ్ యాంటీబాడీ గురించి పాఠం చెప్పాను, ఆయనకు వద్దన్నా చెప్పాను.

ఆ తర్వాత పెద్దమ్మ నన్ను వదల్లేదు. కొత్తగా ఎవరైనా సన్నటివాళ్ళు మాత్రలకు లొంగని షుగరుతో వచ్చి, సూది పేరు చెప్పగానే వణికితే, నాకు ఫోన్ చేసేది. "వచ్చి నీ ముఖం చూపెట్టిపో," అనేది. వెళ్ళి నిలబడేవాడిని. అలా వచ్చినవాళ్ళందరికీ గుర్తులు దొరకలేదు. ఒక పత్తి రైతుకు నెగటివ్ వస్తే ఆయన ఉత్త పుణ్యానికి పరీక్ష చేయించారని సణిగాడు. "లేదని తెలిసింది కద, అదీ లాభమే," అని ఆయనకు చాయ్ తాగించి పంపింది. దొరికినవాళ్ళు దొరికారు. వాళ్ళకు సూది నేర్పటం మాత్రం ఎప్పుడూ ఆమే.

మంగళవారం నేను వెళ్ళేసరికి వాకిట్లో టెంటు వేశారు. ఆమెను మంచం మీద పడుకోబెట్టారు. అచ్చంపేట నుంచి ఆమె తమ్ముడు రావాలి, వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుందన్నారు. మా దగ్గర శవం లేచేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, వచ్చినవాళ్ళు మెతుకు ముట్టరు. అందరం గోడ నీడన కూర్చున్నాం. చుట్టూ చూస్తే సగం మంది నాకు తెలిసినవాళ్ళే, ఆమె గదిలో కలిసినవాళ్ళే. పొద్దున మైదానంలో గెంతి, ఏమీ తినకుండా అటు నుంచి అటే వచ్చాను. పది దాటేసరికి చేతులు వణకటం మొదలైంది. చెమట పట్టింది. జేబులో బెల్లం ఉంది. ఆమె శవం ముందు నోరు మెదపటానికి మనసు రాలేదు.

అప్పుడు పెద్దబాపు లోపలి నుంచి వచ్చాడు. ఎప్పుడూ పెద్దగా మాట్లాడని మనిషి. వాకిలి మధ్యన నిలబడి గట్టిగా అన్నాడు.

"సూది మందోళ్ళు ఎవలెవలు ఉన్నరో లేవుండ్రి. పక్కింట్ల అన్నం వండించిన. తినుండ్రి."

ఎవరూ కదల్లేదు. ఒక ముసలాయన కర్రతో నేల మీద తట్టి, "శవం లేవకముందుకే బువ్వ తింటరా? ఎక్కడన్న ఉన్నదా?" అన్నాడు.

"ఆమెనే చెప్పింది," అన్నాడు పెద్దబాపు. "పోయిన ఏడు జరమొచ్చినప్పుడు చెప్పింది. నేను పోయిన దినం వీళ్ళందరు వస్తరు, మర్యాదకు ఉపాసముంటరు, నా ముందల ఒక్కలు పడిపోయినా నిన్ను ఊకోను అన్నది." ఆయన గోడ నీడన కూర్చున్న మా వైపు తిరిగాడు. "లేవుండ్రి. నన్ను మాట పడనియ్యకుండ్రి."

నేను బెల్లం నోట్లో వేసుకున్నాను. లేచాను. నన్ను చూసి ఇంకొకరు, ఆయనను చూసి మరొకరు లేచారు. అన్నానికి ముందు సూది వేసుకోవాలి కనుక గోడ వెంట వరుసగా నిలబడ్డాం. మగవాళ్ళు చొక్కా అంచు ఎత్తారు, ఆడవాళ్ళు గోడ వైపు తిరిగారు. వణుకు తగ్గి, షుగరు మీటరులో అంకె చూసుకున్నాక నేనూ ఇన్సులిన్ పెన్ను తీశాను. నా పక్కన సన్నటి మనిషి ఒకామె, పోయిన వారమే సూది మొదలుపెట్టిందట. ఇప్పటిదాకా పెద్దమ్మ గదికి వచ్చి, ఆమె ముందే వేసుకునేదట. మూత తీసి పట్టుకుని, మంచం వైపు చూసి, వేసుకోలేక నిలబడింది.

"నాతోని కాదు సారూ," అంది.

"ఊపిరి ఇడువమ్మా," అన్నాను. "ఇడిచేటప్పుడు గుచ్చుకో."

ఆమె కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. పని అయిపోయాక పళ్ళెంలో అన్నం, పప్పు పెట్టించుకుంది. నీడన జాగా ఉన్నా రాలేదు. మంచం పక్కన, పెద్దమ్మ చేతికి దగ్గరగా నేల మీద కూర్చుని, కొంగు నడుముకు దోపుకుని, తల వంచి అన్నం కలుపుకుంది.